ఆ రెండో పేరు మనవాడిదే!

జుక్కల్... కామారెడ్డి జిల్లాకు ఓ కొసన, మహారాష్ట్ర, కర్ణాటక సరిహద్దులకు దగ్గర్లో ఉండే మండలం. 2016లో కొత్త జిల్లాలు ఏర్పడేదాకా నిజామాబాద్ జిల్లాలో ఉండేది. అక్కడి పల్లెలో ఓ ఇంటి కోడలు నెల తప్పిందని తెలియగానే ఏఎన్ఎం చేతిలో పెట్టేది ఫోలిక్ ఆమ్లం మాత్రలు. నాలుగో నెల వచ్చాక అదే ఫోలిక్ ఆమ్లం, ఐరన్‌తో కలిసి ఎర్ర మాత్రగా వస్తుంది. 'మర్చిపోకుండా వేసుకోమ్మా, రక్తం పడుతుంది' అని చెప్పి ఇస్తారు. ఆ మాత్ర వెనక ఎవరున్నారో ఇచ్చే ఆమెకూ తెలీదు, పుచ్చుకునే ఆమెకూ తెలీదు.

అదే ఇంటి కుర్రాడు నిజామాబాద్‌కో హైదరాబాద్‌కో వెళ్లి డిగ్రీలో బయోకెమిస్ట్రీ తీసుకున్నాడనుకోండి. ప్రాక్టికల్ రికార్డులో ఓ ప్రయోగం రాయాల్సి వస్తుంది. రక్తంలో ఫాస్ఫరస్ ఎంతుందో కనుక్కునే ప్రయోగం. దాని పేరు ఫిస్కే-సబ్బరో పద్ధతి. ఇంగ్లిషు స్పెల్లింగు చివర 'డబ్ల్యూ' ఉండటంతో చాలామంది దాన్ని అలాగే చదువుతారు. ఇద్దరూ ఎవరో తెల్లదొరలనుకుని పేజీ తిప్పేస్తారు. ఫిస్కే సంగతి నిజమే. ఆయన అమెరికన్. రెండో ఆయన మాత్రం భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు!

వదిన వేసుకునే మాత్ర వెనకా, మరిది రాసుకునే రికార్డులోనూ ఉన్నది ఒక్క మనిషే. కాకపోతే రికార్డులో పేరుంది, మాత్ర మీద లేదు. ప్రపంచ విజ్ఞానశాస్త్రం లెక్కల పుస్తకంలోనూ ఆయన పరిస్థితి సరిగ్గా ఇదే.

చదువు దారిలో గుంతలు

సుబ్బారావు బాల్యం గురించి తెలుగు పాఠకులకు కొంత తెలిసే ఉంటుంది. 1895 జనవరి 12న పుట్టాడు. తండ్రి జగన్నాథం రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. తల్లి వెంకమ్మ. ఏడుగురు పిల్లల్లో నాలుగోవాడు. పదమూడేళ్ల వయసులో, కాశీలో యాత్రికులకు అరటిపళ్లు అమ్మి డబ్బు గడిద్దామని ఇంట్లోంచి పారిపోయాడు. దారిలోనే పట్టుకుని వెనక్కి తెచ్చారు. మెట్రిక్ గట్టెక్కడానికి మూడు దండయాత్రలు పట్టాయి. కొన్నాళ్లు రామకృష్ణ మఠంలో చేరిపోదామనుకున్నాడు. చివరికి మద్రాసు మెడికల్ కాలేజీలో తేలాడు. మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తి చదువుకు సాయం చేశారు. గాంధీగారి పిలుపు విని ఆపరేషన్ గదిలోకి ఖద్దరు గౌనుతో వెళ్లేసరికి సర్జరీ ప్రొఫెసరుకు కోపమొచ్చింది. దాని ఫలితంగా ఎంబీబీఎస్ రావాల్సిన చోట అంతకంటే తక్కువదైన ఎల్ఎంఎస్ పట్టా చేతికొచ్చింది.

ఇవన్నీ కథలుగా చెప్పుకోవడానికి బాగుంటాయి. ఆయన జీవితాన్ని మలుపు తిప్పింది మాత్రం ఇంట్లో జరిగిన రెండు చావులు. స్ప్రూ అనే జబ్బు. తిన్నది ఒంటికి పట్టదు. విరేచనాలు, రక్తహీనత, మనిషి చిక్కి శల్యమైపోవడం. ఆ జబ్బుతో ఇద్దరు అన్నదమ్ములు రోజుల తేడాలో పోయారు. డాక్టరు చదువు చదివిన సుబ్బారావు చూస్తూ ఉండటం తప్ప ఏమీ చేయలేకపోయాడు. ఎందుకంటే అప్పటికి ఎవరి దగ్గరా మందు లేదు.

మద్రాసు ఆయుర్వేద కళాశాలలో కొంతకాలం శరీరశాస్త్రం పాఠాలు చెప్పాక, భార్య శేషగిరిని ఇక్కడే వదిలి అమెరికా ఓడెక్కాడు. బోస్టన్‌లో దిగేసరికి జేబులో డబ్బుల్లేవు. హార్వర్డ్‌లో ఉష్ణమండల వ్యాధుల కోర్సు చదువుతూ, రాత్రిళ్లు ఓ ఆస్పత్రిలో రోగుల మలమూత్రాల పాత్రలు కడిగే పని చేశాడు. ఆ తర్వాత అదే హార్వర్డ్ మెడికల్ స్కూల్లో, ఒట్టో ఫోలిన్ నడిపే జీవరసాయన విభాగంలో చేరాడు. అక్కడ సైరస్ ఫిస్కే కింద పని.

నీలిరంగు చెప్పిన లెక్క

ఫిస్కే, సుబ్బారావుల ముందున్న సమస్య చూడటానికి చిన్నదే. రక్తంలోనో మూత్రంలోనో ఫాస్ఫరస్ ఎంతుంది? పిల్లల్లో దొడ్డికాళ్లు వచ్చే రికెట్స్, కిడ్నీ జబ్బులు, పారాథైరాయిడ్ గ్రంథి తేడాలు... వీటిని తేల్చడానికి ఆ లెక్క కావాలి. అంతకుముందు పద్ధతులు లేవా అంటే ఉన్నాయి. 1920లో బెల్, డాయిజీ ఒకటి చెప్పారు. 1922లో బ్రిగ్స్ దాన్ని సవరించాడు. కాకపోతే రంగు నెమ్మదిగా వచ్చేది, ఫలితం నిలకడగా ఉండేది కాదు.

కొత్త పద్ధతి ఇలా ఉంటుంది. రక్తంలోని మాంసకృత్తులను ముందు ఆమ్లంతో విరిచి వడగట్టేస్తారు, పాలు విరిచినట్టు. మిగిలిన తేటలో అమ్మోనియం మాలిబ్డేట్ కలుపుతారు. ఫాస్ఫేట్ దానితో జట్టు కడుతుంది. అప్పుడు అమైనోనాఫ్తాల్ సల్ఫోనిక్ ఆమ్లం అనే మూడో పదార్థం వేస్తే ద్రావణం నీలంగా మారుతుంది. ఫాస్ఫరస్ ఎంత ఎక్కువుంటే నీలం అంత ముదురు. ముందే తెలిసిన ద్రావణం పక్కన పెట్టి రంగులు పోల్చి చూస్తే లెక్క తేలిపోతుంది. నిమిషాల్లో పని. ఖరీదైన సామగ్రి అక్కర్లేదు.

1925లో 'జర్నల్ ఆఫ్ బయొలాజికల్ కెమిస్ట్రీ'లో పాతిక పేజీల వ్యాసంగా అది అచ్చయింది. ఫిస్కే పేరు ముందు, సుబ్బారావు పేరు వెనక. ఇక అక్కణ్నుంచి ప్రపంచంలో ఏ మూల ఎవరు ఫాస్ఫరస్ కొలిచినా తమ వ్యాసం చివర ఈ ఇద్దరి పేర్లూ రాయాల్సిందే. కండరాల మీద పనిచేసేవాళ్లు, ఎముకల మీద పనిచేసేవాళ్లు, కణం పైపొరలోని కొవ్వుల్ని లెక్కగట్టేవాళ్లు, ఎంజైములవాళ్లు, ఆఖరికి మొక్కలవాళ్లూ నేల సారం చూసేవాళ్లూ... అందరికీ ఇదే వంటకం కావాల్సొచ్చింది.

ఒక శాస్త్రవేత్త తన వ్యాసంలో 'ఈ సంగతి ఫలానా వారు చెప్పారు' అని పేర్కొనడాన్నే సైటేషన్ అంటారు. అప్పు తీసుకున్నట్టు బాకీ చీటీ రాసివ్వడమన్నమాట. ఆ చీటీలన్నిటినీ పోగేసి లెక్కపెట్టాలన్న ఆలోచన యూజీన్ గార్ఫీల్డ్‌ది. తమాషా ఏమిటంటే ఈయన పుట్టింది కూడా ఆ 1925లోనే. అమెరికాలో ప్లీడర్లు ఏ తీర్పును ఆ తర్వాత ఏ కోర్టు ఉటంకించిందో చూసుకోవడానికి 1873 నుంచీ ఓ సూచిక వాడేవారు. గార్ఫీల్డ్ ఆ పద్ధతిని పరిశోధనలకు పట్టుకొచ్చాడు. 1955లో ఆలోచన చెప్పాడు. 1960ల మొదట్లో ఫిలడెల్ఫియా నుంచి 'సైన్స్ సైటేషన్ ఇండెక్స్' అచ్చు వేశాడు. ఏ వ్యాసాన్ని ఎందరు వాడుకున్నారో అందులో చూసుకోవచ్చు. అప్పటికి నలభై ఏళ్ల పాతదైన ఫాస్ఫరస్ వ్యాసాన్ని జనం ఇంకా వేలసార్లు ఉటంకిస్తూనే ఉన్నారని అప్పుడు తెలిసింది. సాధారణంగా ఓ వ్యాసాన్ని పదేళ్ల తర్వాత పలకరించే నాథుడుండడు. గార్ఫీల్డ్ తయారుచేసిన 'అత్యధికంగా ఉటంకించిన వ్యాసాల' జాబితాల్లో అది చోటు సంపాదించింది.

ఖాతా ఎవరి పేరున?

ఇక్కడే ఓ మెలిక ఉంది. గార్ఫీల్డ్ మొదట అచ్చువేసిన సూచికలో ఉటంకింపులన్నీ ఒక్క మొదటి రచయిత పేరు కిందే ఉండేవి. కంప్యూటర్లో చోటు కరువు, కాగితం ఖర్చు... కారణాలు సమంజసమైనవే. కానీ దాని ఫలితం? ఫాస్ఫరస్ వ్యాసం మొత్తం 'ఫిస్కే' కింద జమ. సుబ్బారావు పేరు తెరిచి చూస్తే ఆ వేల లెక్కలో ఒక్కటీ కనిపించదు. ఉమ్మడి పొలానికి పట్టా అన్న పేరున ఉన్నట్టే!

దీనికి తోడు పేరు గొడవ. మనకు ఇంటిపేరు ముందు, పెట్టిన పేరు తర్వాత. వాళ్లకు తలకిందులు. యల్లాప్రగడ అనే ఇంటిపేరు అమెరికాలో ఉత్త 'వై' పొడి అక్షరమైపోయింది. సుబ్బారావు అనే పెట్టిన పేరు ఇంటిపేరైపోయింది. అదైనా ఒక్క తీరుగా ఉందా? ఒకచోట సుబ్బ, రావు విడిగా. ఇంకోచోట కలిపి. ఇంకోచోట కలిపినా మధ్యలో పెద్దక్షరం. యంత్రానికి ఈ ముగ్గురూ ఒకరే అని ఎవరు చెప్పాలి? ఈ తంటా ఇప్పటికీ తెలుగు పరిశోధకులకు తప్పలేదు. పేరు ముందు రెండు మూడు ఇనీషియల్సు పెట్టుకున్న రావులు, రెడ్లు, లక్ష్ములు తమ వ్యాసాలు ఎవరి ఖాతాలో పడ్డాయో వెతుక్కుంటూనే ఉంటారు. ఆ బాధ పడలేకే 2012 నుంచి పరిశోధకులకు పదహారంకెల గుర్తింపు సంఖ్య ఇచ్చే ఏర్పాటు వచ్చింది. ఆర్కిడ్ అంటారు దాన్ని. సుబ్బారావు కాలానికి అది లేదు.

రంగు ఆలస్యంగా వచ్చింది... అదృష్టం!

లెక్కల సంగతి కాసేపు పక్కన పెడదాం. ఫాస్ఫరస్ వ్యాసం కంటే వెయ్యి రెట్లు విలువైన పని దాని వెనకాలే జరిగింది.

కండరాన్ని తీసి, చల్లగా ఉంచి, దాని రసంలో ఫాస్ఫరస్ కొలుస్తుంటే ఇద్దరికీ ఓ వింత కనిపించింది. నీలిరంగు ఠక్కున రావట్లేదు. కాసేపయ్యాక మెల్లగా ముదురుతోంది. ఇంకెవరైనా అయితే 'మందు పాతబడింది' అని పారబోసి మళ్లీ చేసేవారు. వీళ్లు మాత్రం ఆగి ఆలోచించారు. రసంలో ఏదో పదార్థం ఫాస్ఫేట్‌ను గుప్పిట్లో పట్టుకుని ఉంది. ఆమ్లం తగిలేకొద్దీ గుప్పిట విప్పుతోంది. అందుకే ఈ ఆలస్యం. వెతగ్గా వెతగ్గా ఆ పదార్థం క్రియాటిన్‌తో ముడిపడిన ఫాస్ఫేట్ అని తేలింది. అదే ఫాస్పోక్రియాటిన్. 1927 ఏప్రిల్‌లో 'సైన్స్' పత్రికలో ప్రకటించారు. కండరం ముడుచుకున్నప్పుడు అది తరిగిపోతుంది, విశ్రాంతి తీసుకుంటే మళ్లీ పోగవుతుంది. సరిగ్గా అదే సమయంలో ఇంగ్లండులో ఎగిల్టన్ దంపతులు కూడా పాత బ్రిగ్స్ పద్ధతితోనే అలాంటి పదార్థం జాడ పట్టారు. దాన్ని 'ఫాస్ఫాజెన్' అన్నారు. అందులో క్రియాటిన్ ఉందని తేల్చింది మాత్రం హార్వర్డ్ జంట. నేడు జిమ్ముకెళ్లే కుర్రాళ్లు డబ్బాలు డబ్బాలు కొంటున్న క్రియాటిన్ పొడి వెనకున్న శాస్త్రం ఇదే.

కండరానికి శక్తి ఎక్కణ్నుంచి వస్తుందన్న ప్రశ్నకు అప్పటికే జవాబు దొరికిపోయిందని లోకం నమ్ముతోంది. లాక్టిక్ ఆమ్లమే కండరాన్ని కదిలిస్తుందని ఓ సిద్ధాంతం. కండరాల మీద పరిశోధనలకు హిల్, మేయర్‌హాఫ్‌లకు 1922 నోబెల్ బహుమతి కూడా వచ్చేసింది. 1930లో లుండ్స్‌గార్డ్ అనే డెన్మార్క్ శాస్త్రవేత్త లాక్టిక్ ఆమ్లం అస్సలు పుట్టకుండా విషం పెట్టినా కండరం ముడుచుకుంటుందని, అప్పుడు ఖర్చయ్యేది ఫాస్పోక్రియాటినే అని చూపించాడు. దాంతో పాత సిద్ధాంతం కూలింది.

ఇక 1929లో ఏటీపీ. కణం చేసే ఏ పనికైనా చెల్లించే చిల్లర నాణెం అదే. కండరం లాగాలన్నా, మెదడు ఆలోచించాలన్నా, కిడ్నీ వడపోయాలన్నా ఆ నాణెం ఖర్చవుతుంది, వెంటనే మళ్లీ తయారవుతుంది. ఏ క్షణంలో చూసినా ఒంట్లో ఉండేది కొద్దిగానే అయినా, రోజంతా అది ఖర్చై తిరిగి తయారయ్యే మొత్తం మనిషి బరువుకు దాదాపు సమానమని అంచనా.

ఏటీపీని కనిపెట్టింది సుబ్బారావే అని మన దగ్గర తరచూ రాసేస్తుంటారు. అభిమానం మంచిదే కానీ మొత్తం నిజం అది కాదు. మేయర్‌హాఫ్ ప్రయోగశాలలో పనిచేసే కార్ల్ లోమన్ 1929 ఆగస్టులో ప్రకటించాడు. ఫిస్కే, సుబ్బారావుల ప్రకటన అక్టోబరులో వచ్చింది. ఎవరికి వారు విడివిడిగా కనుక్కున్నారు, లోమన్ అచ్చు ముందు పడింది. అంతే. సుబ్బారావు గొప్పతనానికి అబద్ధం ఊతం అక్కర్లేదు.

మరి ఏటీపీ గురించి ఏటా వచ్చే వేలాది వ్యాసాల్లో లోమన్‌నో సుబ్బారావునో ఎందరు ఉటంకిస్తున్నారు? దాదాపు ఎవరూ లేరు. ఎందుకంటే అది అందరికీ తెలిసిన సంగతైపోయింది. భూమి గుండ్రంగా ఉందని రాసేటప్పుడు ఎవరు చెప్పారో రాస్తామా! సమాజశాస్త్రవేత్త రాబర్ట్ మెర్టన్ ఈ తంతుకు ఓ పేరు కూడా పెట్టాడు. ఓ ఆవిష్కరణ పాఠంలో ఎంతగా కలిసిపోతుందంటే, దాన్ని చేసిన మనిషి అందులోనే కనుమరుగైపోతాడని ఆయన అన్నాడు. పద్ధతులకు ఆ గతి పట్టదు. ఫాస్ఫరస్ కొలిచినవాడు ఏ పద్ధతిలో కొలిచాడో చెప్పితీరాలి కదా. అందుకే వంటకానికి వేల చీటీలు, విందుకు సున్నా.

ఇది ఒక్క సుబ్బారావుకే జరిగిన అన్యాయం కాదు. 2014లో 'నేచర్' పత్రిక అత్యధికంగా ఉటంకించిన వంద వ్యాసాల జాబితా వేస్తే అగ్రస్థానం ఆలివర్ లౌరీ 1951లో రాసిన ప్రొటీన్లను కొలిచే పద్ధతికి దక్కింది. ఉటంకింపులు 3 లక్షలు దాటాయి. డీఎన్ఏ మెలికల నిచ్చెన గురించి వాట్సన్, క్రిక్ 1953లో రాసిన వ్యాసానికి మొదటి వందలో చోటే లేదు! తనది అంత గొప్ప వ్యాసమేమీ కాదని లౌరీయే ఒప్పుకున్నాడు, లోలోపల మురిసిపోతుంటానని కూడా చెప్పాడు. ఆ పద్ధతిలో వాడే రసాయనం పేరు ఫోలిన్ రీఏజెంట్. సుబ్బారావు చేరిన విభాగానికి అధిపతి ఒట్టో ఫోలిన్... ఆయన పేరు మీదుగానే.

హార్వర్డ్ గడప దాకా

1930లో హార్వర్డ్ నుంచి సుబ్బారావుకు పీహెచ్‌డీ వచ్చింది. తర్వాత పదేళ్లు అక్కడే ఉన్నాడు. కాలేయం నుంచి రక్తహీనతకు మందు తీసే పనిలో పడ్డాడు. కానీ శాశ్వత ఉద్యోగం రాలేదు. విదేశీయుడు, మితభాషి, తన పని గురించి డప్పు కొట్టుకోని తత్వం. ఉమ్మడిగా చేసిన పనుల్లో ముందు పేరు ఎప్పుడూ పై అధికారిదే.

ఫిస్కే దగ్గర విద్యార్థిగా పనిచేసి, 1988లో నోబెల్ అందుకున్న జార్జ్ హిచింగ్స్ తర్వాతి కాలంలో ఓ మాట చెప్పాడు. సుబ్బారావు వేరుచేసిన కొన్ని పదార్థాలను ఏళ్ల తర్వాత ఇతరులు మళ్లీ కనిపెట్టాల్సి వచ్చిందనీ, అవి వెలుగు చూడకపోవడానికి ఫిస్కే అసూయే కారణం కావచ్చుననీ ఆ మాట సారాంశం. ఫిస్కే వాదన మనకు దొరకదు కాబట్టి తీర్పు చెప్పడం తొందరపాటే. అయితే ఒకటి మాత్రం ఖాయం. అచ్చుకాని పనికి ఏ సూచికలోనూ జాగా లేదు.

1940లో ఆయన న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లే అనే మందుల కంపెనీకి వెళ్లిపోయాడు. కొద్దికాలానికే పరిశోధనలకు అధిపతి అయ్యాడు. హార్వర్డ్‌లాంటి చోటు వదిలి కంపెనీలోకి వెళ్లడం అప్పట్లో పండితుల దృష్టిలో ఓ మెట్టు దిగడమే. ఆయన చేసిన అతి పెద్ద పనులన్నీ ఆ మెట్టు కిందే జరిగాయి.

పదహారు పేర్లలో ఏడోది

మొదట్లో చెప్పిన ఎర్ర మాత్ర దగ్గరికి ఇప్పుడొద్దాం. గర్భిణుల్లో కనిపించే ఒక రకం రక్తహీనత ఐరన్‌తో తగ్గదనీ, ఈస్ట్ సారంతో తగ్గుతుందనీ లూసీ విల్స్ అనే ఇంగ్లిషు డాక్టరమ్మ 1931లో చెప్పింది. ఆవిడ ఆ సంగతి కనిపెట్టింది ఎక్కడో కాదు, బొంబాయిలో. బట్టల మిల్లుల్లో పనిచేసే పేద గర్భిణుల మధ్య. ఆ ఈస్ట్‌లో ఉన్నదేమిటో తేలడానికి మరో పదేళ్లు పట్టింది. 1941లో టెక్సాస్‌లో మిచెల్, స్నెల్, విలియమ్స్ టన్నుల కొద్దీ పాలకూర పిండి దాన్ని పట్టారు. ఆకుల్లోంచి వచ్చింది గనక ఫోలిక్ ఆమ్లం అని పేరు పెట్టారు.

టన్నుల పాలకూర పిండితే వచ్చేది చిటికెడు. అది ప్రయోగశాలకు చాలుతుందేమో గానీ ఊరూరా గర్భిణులకు చాలదు. దాని నిర్మాణం కనుక్కుని, ఫ్యాక్టరీలో తయారుచేసే దారి వేసింది లెడర్లేలోని సుబ్బారావు బృందం. 1945లో తొలి ప్రకటన, 1946లో 'సైన్స్'లో పూర్తి వివరం. ఆ వ్యాసానికి రచయితలు పదహారు మంది. మొదటి పేరు ఆంజియర్. సుబ్బారావుది ఏడోది. బృందాన్ని నడిపినవాడు తన పేరును అక్షర క్రమంలో ఎక్కడ పడితే అక్కడే ఉండనిచ్చాడు. 'ఎస్' అక్షరం కాబట్టి అక్కడైనా ఆగింది, మన లెక్కన యల్లాప్రగడ అని రాసి ఉంటే ఇంకా వెనక్కి పోయేది! గార్ఫీల్డ్ సూచికలో ఇదంతా ఆంజియర్ ఖాతా.

ఆ ఫోలిక్ ఆమ్లం స్ప్రూ రోగుల మీద పనిచేస్తుందని 1940ల మధ్యలో డాక్టర్ టామ్ స్పైస్ నిరూపించాడు. స్ప్రూ అంటే ఇంట్లో ఇద్దరిని తీసుకుపోయిన జబ్బే. పాతికేళ్లు ఆలస్యంగా మందు దొరికింది.

మిగతావి కూడా ఇదే వరస. ఫోలిక్ ఆమ్లాన్ని పోలి ఉంటూ దాని పనిని అడ్డుకునే అమైనోప్టెరిన్‌ను లెడర్లే తయారుచేసి బోస్టన్‌లోని సిడ్నీ ఫార్బర్‌కు పంపింది. తీవ్రమైన రక్తక్యాన్సర్‌తో ఉన్న 16 మంది పిల్లలకు ఆయన అది ఇస్తే 10 మందిలో గుణం కనిపించింది, తాత్కాలికంగానే అయినా. 1948 జూన్‌లో వచ్చిన ఆ వ్యాసం క్యాన్సర్ మందుల చరిత్రకే మొదటి పేజీల్లో ఒకటి. రచయితల్లో సుబ్బారావు లేడు. దాని తోబుట్టువు మెథోట్రెక్సేట్‌ను ఇప్పటికీ పిల్లల రక్తక్యాన్సర్‌కూ కీళ్లవాతానికీ రాస్తారు. టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటిదైన ఆరియోమైసిన్‌ను, డెబ్బై దాటిన వృక్షశాస్త్రవేత్త బెంజమిన్ డగ్గర్ మిస్సోరీ మట్టిలోంచి తీశాడు. పదవీ విరమణ చేసిన ఆ ముసలాయన పనిచేసింది సుబ్బారావు అధిపతిగా ఉన్న పరిశోధన విభాగంలోనే. వ్యాసం డగ్గర్ ఒక్కడి పేరునే వచ్చింది. బోదకాలు మందు డైఇథైల్‌కార్బమజైన్ సంగతి 1947లో అచ్చయినప్పుడు మొదటి పేరు హెవిట్, చిట్టచివరి పేరు సుబ్బారావు. మన పల్లెల్లో బోదకాలు నివారణకు ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి ఎదురుగా నిలబడి మింగించే డీఈసీ మాత్రలు అవే.

పరిశోధన అధిపతి ప్రతి వ్యాసంలోనూ తన పేరు ఇరికించుకోవడం చాలా ప్రయోగశాలల్లో మామూలు. ఆ లెక్కన చూస్తే లెడర్లేలో సుబ్బారావు ఎంత ఒదిగి ఉన్నాడో తెలుస్తుంది. అందుకు మూల్యం చెల్లించింది కూడా ఆయన పేరే.

1948 ఆగస్టులో న్యూయార్క్ దగ్గర నిద్రలోనే గుండె ఆగి చనిపోయాడు. వయసు 53. అప్పటికి అమైనోప్టెరిన్ వ్యాసం వచ్చి రెండు నెలలు. ఆరియోమైసిన్ అప్పుడప్పుడే వైద్యుల చేతికి వస్తోంది. అమెరికా పౌరసత్వం తీసుకోలేదు. స్వదేశానికి మళ్లీ రానూ లేదు. ఇక్కడ శేషగిరి ఎదురుచూస్తూనే ఉండిపోయింది. ఆయన వెళ్లాక పుట్టిన కొడుకు పసితనంలోనే పోయాడు. ఈ భాగం ఏ సూచికలోనూ ఉండదు సరే, ఆయన గొప్పతనం చెప్పే వ్యాసాల్లో కూడా రెండు వాక్యాలకు మించి ఉండదు.

ఇప్పుడైతే ఉద్యోగం వచ్చేదా?

నేడు ఓ పరిశోధకుడి విలువ అడిగితే అంకెలు చూపిస్తారు. 2005లో హిర్ష్ అనే భౌతికశాస్త్రవేత్త చెప్పిన హెచ్-ఇండెక్స్ అందులో ముఖ్యమైనది. ఓ మనిషి వ్యాసాల్లో కనీసం 20 వ్యాసాలను తలా 20 సార్లయినా ఉటంకించి ఉంటే ఆయన సూచిక 20. ఇందులో ఒక్క వ్యాసానికి పదివేల ఉటంకింపులున్నా అది ఒక్కటిగానే లెక్క. సుబ్బారావు ఫాస్ఫరస్ వ్యాసం ఈ కొలబద్ద మీద ఒకే ఒక్క మార్కు! మన దేశంలో యూజీసీ 2010లో తెచ్చిన నిబంధనలతో కాలేజీ అధ్యాపకుల ప్రమోషన్లకు కూడా వ్యాసాల లెక్కన పాయింట్లు వచ్చాయి. దాంతో డబ్బు కడితే ఏదైనా అచ్చేసే పత్రికలు పుట్టగొడుగుల్లా లేచాయి. 'మీ వ్యాసం పంపండి, వారంలో వేస్తాం' అనే ఈమెయిళ్లు అందుకోని లెక్చరర్ బహుశా ఉండడు.

విసుగెత్తి ముందుగా గొంతెత్తినవాళ్లలో కణ జీవశాస్త్రవేత్తలే ఉన్నారు. 2012 డిసెంబరులో అమెరికన్ సొసైటీ ఫర్ సెల్ బయాలజీ సమావేశం శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగినప్పుడు పత్రికల సంపాదకులు, ప్రచురణకర్తలు కొందరు కూర్చుని ఓ ప్రకటన తయారుచేశారు. ఏ పత్రికలో అచ్చయిందన్న అంకెను బట్టి మనిషికి ఉద్యోగమో నిధులో ఇవ్వొద్దు, ఆ వ్యాసంలో ఏముందో చదవండి అన్నది దాని సారం. వేలాది సంస్థలు సంతకాలు పెట్టాయి. ఆచరణ మాత్రం ఆ సంతకాలంత వేగంగా సాగట్లేదు. చదవడం కంటే లెక్కపెట్టడం సులువు కదా!

మన దేశం 1995లో శతజయంతికి సుబ్బారావు పేరిట తపాలా బిళ్ల వేసింది. అంతకు ఎనిమిదేళ్ల ముందు ఎస్.పి.కె. గుప్తా అనే పాత్రికేయుడు ఊరూరా తిరిగి ఉత్తరాలూ జ్ఞాపకాలూ పోగేసి జీవితచరిత్ర రాశాడు. ఆ పుస్తకమే లేకపోతే ఖద్దరు గౌను, అరటిపళ్ల కథలూ మనదాకా వచ్చేవి కావు.

అన్నట్టు, రెండో పేరు కాకుండా సుబ్బారావు ఒక్కడి పేరే నిలిచిన చోటు ఒకటుంది. 1953లో క్లిఫర్డ్ హెసెల్టైన్ అనే శిలీంధ్ర శాస్త్రవేత్త ఓ కొత్త బూజు జాతికి 'సుబ్బరోమైసిస్' అని పేరు పెట్టాడు. జీవశాస్త్రంలో జాతి పేర్లకు కట్టుదిట్టమైన నియమాలున్నాయి, ఇష్టమొచ్చినట్టు మార్చడం కుదరదు. ఆ బూజు పెరిగేది మురుగునీటిని శుద్ధిచేసే రాతి వడపోతల మీద.